వాకిట్లో లైటు ఆర్పాలా, వద్దా? హాలోవీన్ దగ్గర క్రైస్తవ కుటుంబాల తర్జనభర్జన

అక్టోబర్ 31 సాయంత్రం, అంటే హాలోవీన్ రాత్రి, అమెరికా కాలనీల్లో ఒక పద్ధతి నడుస్తుంది, ఎవరూ కాగితం మీద పెట్టింది కాదు. ఇంటి ముందు లైటు వెలుగుతుంటే ఇక్కడ చాక్లెట్లు ఇస్తారని, ఆర్పేసి ఉంటే ఈ గుమ్మం ఎక్కొద్దని. ఆరు దాటి చీకటి పడుతుండగా స్పైడర్‌మ్యాన్లు, యువరాణులు, ఒంటి మీద ఎముకలు గీసుకున్న బుడతలు గుంపులు గుంపులుగా బయల్దేరతారు, చిన్నవాళ్ల చేతిలో గుమ్మడికాయ ఆకారం బకెట్, కాస్త పెద్దవాళ్లకి ఆశ ఎక్కువ కాబట్టి తలగడ గలీబే పట్టుకొస్తారు. నాలుగడుగుల వెనక కాఫీ కప్పులతో తల్లిదండ్రులు. వీధి మొత్తంలో రెండు మూడిళ్లు మాత్రం చీకటిగా ఉంటాయి. మనుషులు లేక కాదు. ముందు గదిలో లైట్లు తీసేసి, వెనక గదిలో టీవీ సౌండ్ తగ్గించుకుని, పిల్లలు కిటికీ తెర జరపకుండా కాపలా కాస్తూ కూర్చుంటారు. డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా చుట్టుపక్కల అలాంటి ఇళ్లలో తెలుగు క్రైస్తవుల ఇళ్లూ ఉంటాయి.

అలా కూర్చోవడం తప్పనేమీ లేదు. కానీ ఎందుకు కూర్చున్నారని అడిగితే చెప్పే కారణాల్లో చాలావరకు గాలికి తేలిపోయేవే. గట్టి కారణం ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పైకి అనరు.

ముందు ఆ తేలిపోయే వాటి సంగతి. అక్టోబర్ రాగానే సంఘం వాట్సాప్ గ్రూపుల్లోకి కొన్ని ఫార్వార్డులు దిగుతాయి. ఒకటి, ఆ రోజు సాతాను పుట్టినరోజు అని. సాతానుకి పుట్టినరోజు ఉన్నట్టు బైబిల్లో ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఎక్కడా లేదు. రెండోది, చర్చ్ ఆఫ్ సేటన్ అనే సాతానువాదుల సంస్థ పెట్టిన ఆంటన్ లావే పేరు మీద తిరిగే మాట, ఏడాదికి ఒక్క రాత్రైనా క్రైస్తవులు తమ పిల్లల్ని సాతానుని పూజించనిస్తున్నందుకు సంతోషమని అన్నాడట. ఎక్కడ అన్నాడో, ఎప్పుడు అన్నాడో ఆ ఫార్వార్డులో ఉండదు. లావే 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ సంస్థ పెట్టిన మాట, హాలోవీన్‌ని తమ ముఖ్యమైన రోజుల్లో ఒకటిగా లెక్కేసిన మాట నిజమే. అయితే 1969లో అతను రాసిన పుస్తకంలో అన్నిటికంటే పెద్ద పండగ అని చెప్పింది ఎవరి పుట్టినరోజు వాళ్లకి. సాతానువాదుల లిస్టులో ఉంది కాబట్టి వద్దు అనేట్టయితే ముందు ఆపాల్సింది పిల్లల కేక్ కటింగ్.

మూడోది కాస్త చదువుకున్నవాళ్లు చెప్పేది, కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగాలి. హాలోవీన్ అసలు ఐర్లండ్, బ్రిటన్‌ల పాతకాలపు కెల్ట్ జాతుల అన్యాచారమని, సావిన్ అనే పండగని చర్చి పైన సున్నం కొట్టి తన పండగగా చేసుకుందని. ఐర్లండ్‌లో శీతాకాలం మొదలయ్యేటప్పుడు సావిన్ అనే పండగ ఉండేది, అందులో అనుమానం లేదు. పశువుల్ని మేత భూముల నుంచి ఇంటికి తోలుకొచ్చే కాలం, విందులు, జాతరలు. కానీ దాని గురించి దొరికే రాతలన్నీ ఐర్లండ్ క్రైస్తవ దేశం అయిపోయిన తర్వాత రాసుకున్నవే, ఎక్కువగా మఠాల్లోని సన్యాసుల చేతి రాతలే. చచ్చిపోయినవాళ్లు ఆ రాత్రి తిరిగొస్తారని నమ్మేవాళ్లని, దాన్ని చూసే చర్చి నవంబర్ 1ని ఎంచుకుందని గట్టిగా చెప్పడానికి అవి సరిపోవు.

చర్చి వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంది. 609లో పోప్ నాలుగో బోనిఫేస్ రోములోని పాంథియాన్ గుడిని మరియమ్మకీ హతసాక్షులకీ అంకితం చేశాడు, అది మే 13న. ఎనిమిదో శతాబ్దంలో పోప్ మూడో గ్రెగరీ పునీతులందరి పేరున ఒక ప్రార్థనాలయం కట్టించాడు. 835 నాటికి నాలుగో గ్రెగరీ కాలంలో నవంబర్ 1న సకల పునీతుల పండగ అన్నది యూరప్‌లో ఫ్రాంకుల రాజ్యమంతటా వచ్చేసింది. ఇక్కడొక తమాషా ఉంది, సావిన్ పుట్టిన ఐర్లండ్‌లోనే పాత పంచాంగాల్లో ఈ పండగ ఏప్రిల్ 20న కనిపిస్తుంది. సావిన్‌ని తుడిచేయాలనే నవంబర్ 1 పెట్టి ఉంటే ఆ పని ముందు ఐర్లండ్‌లో జరగాలి కదా. నవంబర్ 1 మాత్రం ఇంగ్లాండ్, జర్మనీ వైపు నుంచి వచ్చింది. పునీతుల పండగకి ముందు సాయంత్రం అని ఇంగ్లీషులో చెప్పే మాటే నలిగి నలిగి హాలోవీన్ అయింది. అలాగని ఇది పూర్తిగా క్రైస్తవ పండగ అని చంకలు గుద్దుకోవడానికీ లేదు, నిప్పుల మంటలు, జోస్యాలు, మారువేషాలు పల్లె జనం దగ్గర నుంచే వచ్చి కలిశాయి.

పుట్టుక వెతికి పండగకి మార్కులు వేసే పద్ధతిలోనే అసలు తిరకాసు ఉంది. తెలుగు క్రైస్తవుల పెళ్లిళ్లలో తాళిబొట్టుకి సిలువ గుర్తు వేయించి కట్టడం చాలా చోట్ల ఉంది, దాని పుట్టుక ఎక్కడిదని పీటల మీద ఎవరూ అడగరు. క్రిస్మస్ సంగతే చూడండి, డిసెంబర్ 25 అని సువార్తల్లో లేదని 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీలో ప్యూరిటన్లనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్లు ఆ పండగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, ఆ చట్టం 1681 దాకా నడిచింది. వాళ్లంత భక్తిగా బైబిల్ చదివినవాళ్లు తక్కువ. ఈ రోజు ఏ సంఘమైనా ఆ జరిమానా కట్టడానికి సిద్ధమా?

చాక్లెట్లు అడుక్కునే ఆచారం కూడా మొదట్లో దయ్యాలది కాదు. మధ్యయుగపు ఇంగ్లాండ్‌లో పునీతుల పండగ రోజుల్లో బీదవాళ్లు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంట్లో చనిపోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న చిన్న రొట్టెలు తీసుకునేవాళ్లు. తర్వాత ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ వచ్చాడు. ఆయన చర్చి పద్ధతుల్ని ప్రశ్నిస్తూ 95 వాదాలు బయటపెట్టిన రోజు కూడా 1517 అక్టోబర్ 31నే. అది యాదృచ్ఛికం కాకపోవచ్చు, మర్నాడు పునీతుల పండగకి ఆయన ఉండే విట్టెన్‌బర్గ్ ఊళ్లో జనం గుమిగూడతారు. చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి అయ్యే చోటు, ఉత్తరించు స్థలమనేదే లేదని ప్రొటెస్టెంట్లు తేల్చాక చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన, ఆ ప్రార్థన కోసం రొట్టె, రెండూ అర్థం లేనివయ్యాయి. అంటే ప్రొటెస్టెంట్లకి ఈ రోజంటే పడకపోవడం మంత్రగత్తెల బొమ్మలతో మొదలైన గొడవ కాదు, అది క్యాథలిక్కులతో సిద్ధాంతం తగువు.

1840ల కరువులో ఐర్లండ్ జనం అమెరికాకి తరలిపోతూ ఈ అలవాట్లని మూటగట్టుకెళ్లారు. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపని తొలిచి దీపం పెట్టేవాళ్లు, అమెరికాలో గుమ్మడికాయ దొరికింది, తొలవడానికి అదే తేలిక. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ రాత్రి అంటే కుర్రకారు ఆగడాలే, గేట్లు పీకడం, అద్దాలు పగలగొట్టడం. వాళ్ల నోట్లో ఏదో తీపి పెట్టి అల్లరి మాన్పించే బేరం మెల్లగా ఊరూరా పాకి, రెండో ప్రపంచయుద్ధంలో పంచదార రేషన్ వల్ల కాస్త తగ్గి, 1950లకి ఇప్పుడు చూసే రూపానికి వచ్చింది. 1950లోనే ఫిలడెల్ఫియాలో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరు, ఆయన భార్య కలిసి పిల్లల చేత ఆ రాత్రి చాక్లెట్లతో పాటు చిల్లర డబ్బులు పోగు చేయించి యునిసెఫ్‌కి పంపే పని మొదలుపెట్టారు, అది ఈనాటికీ నడుస్తోంది. ఇప్పుడు ఇది ముఖ్యంగా వ్యాపారం. 2023లో అమెరికా రిటైల్ సంఘం లెక్క ప్రకారం హాలోవీన్ ఖర్చు 1,220 కోట్ల డాలర్లు. సాతాను సంగతేమో గానీ షాపులవాళ్లు మాత్రం బాగానే గడిస్తున్నారు.

మరి ఈ భయం ఇంత గట్టిగా ఎప్పుడు పట్టుకుంది? అమెరికా సంఘాల్లో అది 1970, 80ల నాటి సరుకు. సాతాను గుంపులు పిల్లల్ని ఎత్తుకుపోయి బలిస్తున్నాయని టీవీల్లో, పుస్తకాల్లో ఊదరగొట్టిన రోజులవి, కోర్టుల్లో ఏళ్ల తరబడి కేసులు నడిచాయి, తీరా చూస్తే అలాంటి గుంపులు దొరకలేదు. చాక్లెట్లలో విషం భయం కూడా అదే కాలంలో పెరిగింది. 1974లో టెక్సాస్‌లో ఒక పిల్లవాడు హాలోవీన్ మిఠాయిలో సైనైడ్ తిని చనిపోయాడు, కానీ విషం కలిపింది ముక్కూమొహం తెలియనివాడు కాదు, ఇన్సూరెన్స్ డబ్బు కోసం కన్న తండ్రే. అతను చర్చిలో డీకన్, అంటే పరిచారకుడు కూడా. ఆ రాత్రి పిల్లలకి నిజంగా ఉన్న ప్రమాదం కార్లు. 1975 నుంచి 2016 దాకా లెక్కలు తీసి 2019లో వేసిన ఒక పరిశోధనలో, హాలోవీన్ సాయంత్రం రోడ్డు మీద నడిచేవాళ్ల చావులు, దానికి వారం ముందూ వారం తర్వాతా అదే సమయంతో పోలిస్తే 43 శాతం ఎక్కువని తేలింది. చిన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. సాతాను గురించి అరగంట ప్రసంగం చేసే చోట, నల్ల డ్రెస్సు వేసుకున్న పిల్లాడికి మెరిసే టేపు అంటించండని చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉంటే బాగుండును.

ఇంకో వింత. దయ్యాల బొమ్మలతో పిల్లల్ని భయపెట్టడం పాపమన్న సంఘాల్లోనే కొన్ని అదే అక్టోబర్‌లో నరకం ఇళ్లు కట్టాయి. చీకటి గదుల్లో తాగి కారు నడిపి చచ్చినవాణ్ణి, ఆత్మహత్య చేసుకున్నవాణ్ణి రక్తపు రంగులతో నటించి చూపించి, ఆఖరి గదిలో నరకాగ్ని వేసి, బయటికి వచ్చేవాళ్లని రక్షణ పొందమని పిలవడం. హాలోవీన్ కంటే భయంకరమైన హాలోవీన్ అది.

వాక్యం దగ్గరకొద్దాం. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఈ చర్చలో తప్పకుండా వస్తుంది. తెలుగు బైబిల్లో అక్కడ వాడిన మాటలు చూస్తే మనవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు: సోదె, చిల్లంగి, కర్ణపిశాచి. ఇవన్నీ పల్లెల్లో మనుషులు నిజంగా చేసిన, చేయించుకున్న పనులు. అక్కడ కాదన్నది ఆ పనుల్ని. హాలోవీన్ పార్టీలో ఊయిజా బోర్డు వేసి చచ్చినవాళ్లని పిలుద్దామని ఎవరైనా కూర్చుంటే అది ఆ మాట కిందికి సూటిగా వస్తుంది, ఆటకే అన్నా సరే. పక్కింటి పాప తేనెటీగ వేషం వేసుకొచ్చి చాక్లెట్ అడిగితే అది రాదు.

రెండో వాక్యం, మొదటి థెస్సలొనీకయులకు 5:22. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్ చదివేవాళ్లు దాన్ని, చెడుగా కనిపించేదాని నుంచి కూడా తొలగిపొండి అని అర్థం చేసుకుంటారు, అమెరికా ప్రసంగాల్లో ఈ అర్థం మీదే ఒక పెద్ద మేడ కట్టారు. తెలుగులో ఉన్నది "ప్రతి విధమైన కీడునకును దూరముగా ఉండుడి". అంటే చెడుల్లో ఎన్ని రకాలుంటే అన్నిటికీ దూరంగా ఉండమని, మూలం అర్థానికి కూడా ఇదే దగ్గర. కనిపించడం అన్న మాట ఇందులో లేదు. ఇంగ్లీషు ప్రసంగం విని తెలుగు సంఘంలో దాన్నే తిరిగి చెప్పేవాళ్లు చేతిలో ఉన్న తెలుగు బైబిల్ ఒకసారి తెరిస్తే సరిపోయేది.

ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికే, 8 నుంచి 10 అధ్యాయాలు, విగ్రహాలకి అర్పించిన మాంసం గొడవ. ఈ గొడవ అమెరికన్లకి పుస్తకంలోది, తెలుగువాళ్లకి వీధిలోది. సంక్రాంతికి పక్కింటివాళ్లు ఇచ్చిన అరిసెలు తినొచ్చా, వినాయక చవితి ఉండ్రాళ్లు తీసుకోవచ్చా, గుడి ప్రసాదం ఎవరైనా చేతిలో పెడితే ఏం చేయాలి, వీటి మీద ప్రతి తెలుగు క్రైస్తవ ఇంట్లో ఒక పద్ధతి ఉంటుంది. చాలామంది అరిసెలు తింటారు, ప్రసాదం తినరు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా, ఆ పత్రిక రాసిన పౌలు గీసిన గీతకి అది చాలా దగ్గర. అంగడిలో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు, ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. ఆ గీత పెట్టి చూస్తే హాలోవీన్ చాక్లెట్ అరిసె వైపే పడుతుంది, నిజానికి అరిసె కంటే ఇంకా ఇవతల పడుతుంది. దాన్ని ఎవరూ ఏ దేవుడి ముందూ పెట్టలేదు. కాస్ట్‌కో దుకాణంలో పెద్ద సంచి కొన్నారు, చింపారు, గిన్నెలో పోశారు, అంతే.

ఇక పైకి అనని కారణం. ఆంధ్రాలో ప్రొటెస్టెంట్ సంఘాలు ఎక్కువగా పల్లెల్లోని పేదల మధ్య పుట్టాయి. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అందులో మాదిగ కుటుంబాలే ఎక్కువ. వాళ్లకి అప్పట్లో చెప్పిన మొదటి నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఊరి జాతరలో డప్పు కొట్టమంటే మేం కొట్టం అన్నందుకు దెబ్బలు తిన్నవాళ్లు, బావి నీళ్లకి దూరమైనవాళ్లు ఉన్నారు. ఊరి దేవత కోపగిస్తుందన్న భయాన్ని, చేతబడి భయాన్ని, దయ్యం పట్టిందన్న మాటని దాటి వచ్చిన కుటుంబాలివి. అక్కడ దయ్యం అంటే బొమ్మ కాదు.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన నాయనమ్మ ఆరు నెలల వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చి ఉంటుంది. పక్కింటి గడ్డిలో ప్లాస్టిక్ సమాధి రాళ్లు, చెట్టుకి వేలాడే తెల్లగుడ్డ, నేలలోంచి పైకొస్తున్న చెయ్యి. మనవడికి అది తమాషా, కొడుక్కి అమెరికా, ఆమెకి మాత్రం ఆమె తల్లి బతుకంతా భయపడినది ఎదురుగా కనిపిస్తుంది. మనవడు దయ్యం వేషంలో గదిలోకి దూకితే ఆమె "ప్రభువా" అని గుండె పట్టుకుంటుంది. రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో పౌలు మాట్లాడింది ఈమె గురించే అనుకోవచ్చు. "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" అంటూనే, నీ తిండితో నీ సహోదరుణ్ణి బాధపెట్టకు అన్నాడు. ఆ ఇంట్లో ఆ ఏడాది లైటు ఆర్పడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు, సాతాను పుట్టినరోజు కథ అసలే అక్కర్లేదు. కాకపోతే ఆమె బాధని ఊరందరికీ చట్టం చేసి, పక్క సంఘంలో చాక్లెట్ ఇచ్చినవాళ్లని వెనకబడిపోయిన విశ్వాసులని ముద్ర వేయడం అదే అధ్యాయానికి అడ్డం.

క్యాథలిక్ ఇళ్లలో ఈ టెన్షన్ తక్కువగా కనిపిస్తుంది, దానికీ కారణం ఉంది. హాలోవీన్‌కి అటు పక్కనున్న రెండు రోజులూ వాళ్లవే. నవంబర్ 1న పూజకి వెళ్తారు, నవంబర్ 2న సమాధుల పండగ. ఆంధ్రాలో, తెలంగాణలో ఆ రోజు శ్మశానాలకి వెళ్లి చూస్తే తెలుస్తుంది, గడ్డి పీకి, సమాధికి సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, ఫాదర్ గారు వచ్చి ఆశీర్వదించే దాకా కుటుంబమంతా అక్కడే కూర్చుంటుంది. కొన్ని ఊళ్లలో ప్రొటెస్టెంట్లూ వెళ్తారు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లాడికి ఈ మూడు రోజులూ ఒక్క వరసలోవే అని చెబితే, ప్లాస్టిక్ సమాధి రాయికీ తాతయ్య సమాధికీ ఉన్న తేడా వాడే పట్టుకుంటాడు.

లైటు ఆర్పడానికి ఒక ఖర్చు ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆ దేశంలో పక్కింటి మనిషి పేరు తెలియకుండా ఐదేళ్లు గడిచిపోతాయి. ఫోన్ చేయకుండా ఎవరూ ఎవరి గుమ్మమూ ఎక్కరు. ఏడాదిలో ఈ ఒక్క సాయంత్రమే వీధి మొత్తం పిల్లలతో సహా వచ్చి తలుపు కొడుతుంది. పొరుగువాణ్ణి ప్రేమించమన్న మతం వాళ్లు ఆ రాత్రే లైటు తీసేసి, మిగతా ఏడాదంతా సువార్త ఎలా చెప్పాలా అని కమిటీలు వేసుకోవడం కాస్త విడ్డూరంగానే ఉంటుంది.

సంఘాలు కనిపెట్టిన మధ్యేమార్గం చర్చి పార్కింగ్‌లో కార్లు నిలిపి, డిక్కీలు తెరిచి అలంకరించి, అక్కడే పిల్లలకి చాక్లెట్లు పంచడం. హార్వెస్ట్ ఫెస్టివల్ అని పేరు పెడతారు, పిల్లలు దావీదులూ ఎస్తేరులూ అయి వస్తారు. కార్ల ప్రమాదం ఉండదు, నాయనమ్మ గుండెకీ ప్రమాదం ఉండదు, చిన్న పిల్లలకి మంచి ఏర్పాటే. దానిలో లోటు ఏమిటంటే మన పిల్లలకి మన చాక్లెట్లు మనమే పంచుకుని ఇంటికొస్తాం, వీధిలో ఇల్లు మాత్రం చీకటిగానే ఉంటుంది. కొన్ని సంఘాలు ఫ్లయర్లు పంచి చుట్టుపక్కల వాళ్లని కూడా పిలుస్తాయి, అలా చేసినచోట ఆ లోటు తీరుతుంది. ఇంకొందరు లైటు వేసే ఉంచి చాక్లెట్ బదులు కరపత్రం ఒక్కటే చేతిలో పెడతారు. ఏడేళ్ల పిల్లాడికి అంతకంటే పెద్ద ద్రోహం లేదు. కరపత్రం ఇవ్వాలనుకుంటే దానికి పిన్ను కొట్టే చాక్లెట్ పెద్ద సైజుది కొనాలి.

పిల్లల్ని పంపే తల్లిదండ్రులకీ ఒక పని ఉంది, వేషం చూడటం. పేగులు బయటికి వేలాడే బొమ్మ, గొడ్డలి దిగిన తల, వీటికి మతం అడ్డం చెప్పక్కర్లేదు, రుచి చెబితే చాలు. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబర్ 31నే వచ్చింది, కొన్ని కాలనీల్లో ఒక వాకిట్లో ప్రమిదలు, పక్క వాకిట్లో గుమ్మడికాయ దీపాలు, మధ్యలో క్రైస్తవుల ఇల్లు. రెండు వైపుల నుంచీ తీపి వచ్చి పడింది, ఏ పళ్లెంలోది దేవుడి ముందు పెట్టిందో, ఏది సంచిలోంచి తీసిందో ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో కొన్ని స్కూళ్లు, మాల్స్, గేటెడ్ కమ్యూనిటీలు ఈ మధ్య చేస్తున్న హాలోవీన్‌కి ఇంత ఆలోచన అక్కర్లేదు. అక్కడ పొరుగింటికి పోకపోతే తెగిపోయే బంధం ఏమీ లేదు, ఫొటోల కోసం కొన్న సరదా, ఇష్టమైతే చేసుకోవచ్చు, లేకపోతే ఆ రోజు పిల్లాణ్ణి ఇంట్లో ఉంచుకోవచ్చు.

ఇంత చర్చా పదేళ్ల లోపు పిల్లల చుట్టూనే తిరగడం అన్నిటికంటే విచిత్రం. ప్రతి అక్టోబర్‌లో పాస్టర్లు చాక్లెట్ బకెట్ మీద ప్రసంగిస్తారు. పదహారేళ్ల కుర్రాడు ఆ బకెట్ వదిలేసి చాలా ఏళ్లయింది, ఆ రాత్రి తొమ్మిదింటికి వాడు కారు తాళాలు అడుగుతాడు, ఫలానా ఫ్రెండ్ ఇంట్లో పార్టీ అని. ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారా, మందు ఉంటుందా, తిరిగి ఎవరు నడుపుతారు, పదకొండున్నరకి ఫోన్ ఎత్తుతాడా. వాట్సాప్ గ్రూపులో దీని మీద ఫార్వార్డు ఒక్కటీ రాదు.